బాడుగింటి పెరట్లో ఒక మూల

రాయచూరు దాటిన కాసేపటికి తుంగభద్ర బ్రిడ్జి వస్తుంది. రైలు దాని మీదికి ఎక్కగానే బోగీలో సగం మంది కిటికీల దగ్గరికి చేరతారు. దండం పెట్టుకుని చిల్లర విసురుతారు. జూన్ నెల కదా, నదిలో నీళ్లకంటే బండలు, ఇసుకే ఎక్కువ. నా పక్కనున్న పెద్దాయన విసిరిన ఐదు రూపాయల బిళ్ల కచ్చితంగా ఇసుకలోనే పడి ఉంటుంది. ఆయన మాత్రం తృప్తిగా వచ్చి కూర్చున్నాడు.

నేను మంత్రాలయం పోయి నాలుగేళ్లయింది. హైదరాబాద్‌లో రాత్రి ఎక్కితే పొద్దునకు దింపే ఊరు. సెలవులు లేవనీ, రిలీజులున్నాయనీ ఏదో ఒకటి చెప్పుకుంటూ పోలేదు. ఈసారి అమ్మ పంపింది. "స్వామి దర్శనం చేసుకో. అట్లనే ఆ ఇంటి దిక్కు పోయి కరివేపాకు చెట్టు ఉందో లేదో చూసి రా" అంది. చెట్టు సంగతి మాటవరసకు అన్నట్టు చివర్లో అంది గానీ, అసలు పని అదేనని నాకు తెలుసు.

మంత్రాలయం రోడ్ స్టేషన్ నుంచి ఊరికి పదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది. షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నాను. రెండు పక్కలా దున్ని వదిలేసిన రేగడి పొలాలు. తొలకరి ఇంకా సరిగా పడలేదు, నేల నెర్రెలిచ్చి ఉంది. డ్రైవర్ నన్ను కన్నడంలో పలకరించి, నా మొహం చూసి తెలుగులోకి వచ్చాడు. ఇక్కడ అది మామూలే. నది అవతల రాయచూరు జిల్లా. వచ్చే భక్తుల్లో కన్నడిగులే ఎక్కువ. కొట్ల బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి, కొట్లవాళ్లు మూడు భాషల్లో బేరమాడతారు.

దిగగానే ఉగ్గాని బజ్జీ తిన్నాను. పోపులో కరివేపాకు లేదు. అమ్మ పక్కనుంటే ఆ మాట కొట్టాయన మొహం మీదే అనేది.

ఆ ఇల్లు మాది కాదు. 2013 నుంచి 2021 దాకా ఎనిమిదేళ్లు మేం బాడుగకున్న ఇల్లు. నాన్న చుట్టుపక్కల పల్లెల్లో సర్కారు బడి పంతులు. ట్రాన్స్‌ఫర్ల లెక్కన అమ్మ అప్పటికే ఏడు ఇళ్లు మారింది. ఆమెకొక నియమం ఉండేది: బాడుగింట్లో కుండీలే. నేలలో ఏదీ నాటకూడదు. కుండీ అయితే లారీ ఎక్కుతుంది, నేలలో పెట్టింది ఓనరుకు పోతుంది. ఆదోనిలో ఉన్నప్పుడు ఒకసారి నియమం తప్పి నిమ్మ చెట్టు పెట్టింది. కాపుకొచ్చిన ఏడాదే ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. తర్వాత వచ్చినవాళ్లు ఆ నిమ్మకాయలు మా అమ్మకే రెండు ఇచ్చి పంపారు. ఆ రెండు కాయలనూ ఆమె పిండలేదు, పచ్చడికీ వేయలేదు. అట్లే ఎండిపోయాయి.

మంత్రాలయం ఇంట్లో నియమం ఎందుకు తప్పిందంటే, అంత పెరడు ఆమెకు అంతకుముందు ఎప్పుడూ దొరకలేదు. మఠానికి నడిచిపోయే దూరం. ముందు రెండు గదులు, వంటిల్లు. వెనకాల, పక్కన కలిపి పది చదరాల దాకా ఖాళీ జాగా. అందులో సగం బేతంచెర్ల బండలు పరిచి ఉంది, మిగతాది గట్టి గరుసు. నాన్న ఓనరును అడిగాడు. ఆయనప్పుడు అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి. బండల వైపు చూసి, "తీసుకుంటే తీసుకోండి సారూ. పోయేటప్పుడు మళ్లా పరిచి పోవాల, అంతే" అన్నాడు. కాగితం లేదు, సాక్షి లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, దీంతో తర్వాత పని పడుతుంది.

నేనప్పుడు ఇంటర్, కర్నూల్లో హాస్టలు. దసరా సెలవులకు వచ్చినప్పుడు గడ్డపార నా చేతికిచ్చారు. మూడు బండలు లేపి గోడకు ఆనించాం. కింద గరుసు. రోడ్డు వేసినట్టు దిమ్మిస కొట్టి ఉంది. గడ్డపార వేస్తే నిప్పులు రాలుతున్నాయి గానీ దిగడం లేదు. రెండు పూటలు తవ్వితే మూరెడు గుంత అయింది. అక్కడ ఉన్నట్టుండి గడ్డపార మెత్తగా లోపలికి జారిపోయింది. నేను ముందుకు తూలి పడబోయాను. చేత్తో తీసి చూస్తే బూడిద రంగు మట్టి. పిండి లాగా మెత్తగా ఉంది, పిడికిలి బిగిస్తే ముద్దవుతోంది. మధ్యలో చిన్న చిన్న నత్తగుల్లలు.

ఓనరు వచ్చి గుంత లోకి తొంగి చూసి, "అది 2009 మట్టప్పా" అన్నాడు.

ఆ ఏడాది అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచేసిన సంగతి మా వైపు అందరికీ తెలుసు. మఠం లోపలికీ నీళ్లొచ్చాయి. దిగువన కర్నూలు నగరం మునిగింది. చదువుకునే రోజుల్లో కర్నూల్లో ఏ ఇంటికి పోయినా గోడ మీద నీళ్లు ఎంత ఎత్తుకొచ్చిందీ చెయ్యెత్తి చూపించేవాళ్లు. మా ఓనరు కుటుంబం మిద్దె మీద రెండు రాత్రులు గడిపింది. నీళ్లు తీశాక పెరట్లో మోకాటి లోతు ఒండ్రు. ఊరంతా అదే పని కాబట్టి కూలీలు దొరకలేదు. సగం ఎత్తిపోసి, మిగతా సగం మీద గరుసు తోలించి, దిమ్మిస కొట్టించి, బండలు పరిపించాడు. ఇంటిని ముంచిన మట్టి కళ్లబడకూడదని కప్పెట్టాడు. మా అమ్మ మాత్రం గుంత అంచున కూర్చుని ఆ మట్టి చేతిలోకి తీసుకుని వాసన చూసి, "బంగారమప్పా ఇది" అంది.

ఆమె చెప్పింది నిజమే. చుట్టూ రేగడి. వానొస్తే జిగురు, ఎండొస్తే నెర్రెలు. దాని మధ్యలో నది పైనుంచి మోసుకొచ్చిన ఒండ్రు, ఇంటి కింద ఉచితంగా పడి ఉంది. కరివేపాకు మొదటి ఏడాదే నడుమెత్తు వచ్చింది. తర్వాత గోరుచిక్కుడు, టమాటా, కనకాంబరాలు, ఒక బొప్పాయి. మునగ పెట్టాలని అమ్మ ఆశ. ఓనరు ఒప్పుకోలేదు. కొమ్మ పెళుసు, మిద్దె మీద విరిగి పడుతుంది, పైగా వాస్తు. అమ్మ చూపించిన జాగా ఈశాన్యం మూల. అక్కడ బరువు ఉండకూడదట. చివరికి ఆ మూలకు పారిజాతం ఖాయమైంది. "పూజకు పూలిస్తాది, పెద్ద మాను కాదు. ఉండనీ" అన్నాడు. 2014 వానాకాలంలో జానెడు మొక్క పెట్టింది. మూడో ఏటి నుంచి పొద్దున్నే బండల మీద తెల్లగా పరుచుకునేది. అమ్మ ఏరి, సగం ఓనరింటికి పంపి, మిగతావి మఠానికి పట్టుకుపోయేది.

నీళ్లే కష్టం. నది పక్కనే ఉన్నాం గదా అనుకుంటారు గానీ, కుళాయి రోజు మార్చి రోజు వచ్చేది. బోరు నీళ్లు ఉప్పు. కుండీల అంచులకు తెల్లగా సున్నం వేసినట్టు పేరుకునేది. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో నేనొక ఘనకార్యం చేశాను. ఇంట్లో కొత్తగా పెట్టిన ఆర్వో మిషను నుంచి వృథాగా పోయే నీళ్లకు పైపు బిగించి కరివేపాకు మొదట్లోకి వదిలాను. నీటి పొదుపు అని గొప్పగా చెప్పుకున్నాను. నెలన్నరకు లేత ఆకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. ఎమ్మిగనూరులో ఎరువుల కొట్టాయన ఒక రెమ్మ చూసి నవ్వాడు. అది ఇనుము లోపం. ఆర్వో మిషను మంచి నీళ్లను మనకిచ్చి, ఉప్పంతా మిగిలిన నీళ్లలోకి తోస్తుంది. అంటే ఉప్పు నీళ్లను ఇంకా చిక్కగా చేసి నేను చెట్టుకు తాగించాను. ఉప్పూ సున్నమూ ఎక్కువైన నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులు తడిసేలా వారం తేడాతో రెండు సార్లు కొట్టమన్నాడు. కొట్టాం. తేరుకుంది. అమ్మ ఆ పైపు పీకి నా చేతికే ఇచ్చింది. అప్పట్నుంచి బట్టలు జాడించిన చివరి నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, వాన నీళ్లు, ఇవే.

2020 మార్చిలో లాప్‌టాప్ సంచిలో వేసుకుని ఆ ఇంటికి వచ్చిపడ్డాను. వారమే అనుకున్నాను, పద్నాలుగు నెలలున్నాను. ఆ పెరడును నేను నిజంగా చూసింది అప్పుడే. మఠం తలుపులు మూశారు. మంత్రాలయంలో భక్తులు లేకపోతే ఏముంటుందో అప్పుడు తెలిసింది: ఏమీ ఉండదు. పూలకొట్లు, హోటళ్లు, ఆటోలు, లాడ్జీలు అన్నీ ఆ ఒక్క గుమ్మం మీద ఆధారపడినవే. పొద్దున ఐదున్నరకు నాదస్వరం వినపడని మంత్రాలయంలో నేను పారిజాతం కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని స్టాండప్ మీటింగుకు కూర్చునేవాణ్ణి. కెమెరాలో పూలు రాలడం చూసి పూణే టీము వాళ్లు అది ఫిల్టరేమో అనుకున్నారు.

ఆ నవంబరు 20 నుంచి డిసెంబరు 1 దాకా తుంగభద్ర పుష్కరాలు. కొవిడ్ వల్ల మామూలు పుష్కరాలంత సందడి లేదు. అయినా ఘాట్లకు, రోడ్లకు రంగులు పడ్డాయి, కొంచెం కొంచెం మనుషులు వచ్చారు. పక్క వీధిలో ఒకాయన ఇంటి వెనక రెండు రూములు కట్టి రోజు బాడుగకు ఇచ్చాడు. మా ఓనరు దాన్ని పోయి చూసొచ్చాడు. మర్నాడు మా పెరట్లో అడుగులతో కొలుచుకుంటూ నడిచాడు. ఆ నడక చూసినప్పుడే అమ్మ స్టవ్ ఆపేసి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

ఆయన్ని తప్పు పట్టడానికి అప్పుడు నాకు చాలా కారణాలు దొరికాయి, ఇప్పుడు అన్ని దొరకడం లేదు. మంత్రాలయంలో ఇంటి పక్క ఖాళీ జాగా అంటే ఖాళీ జాగా కాదు, ఇంకా కట్టని రూము. ఎనిమిదేళ్లలో మా బాడుగ 3,500 నుంచి 5,000కే పెరిగింది. అది నెల మొత్తానికి. ఆరాధన రోజుల్లో ఒక చిన్న రూము నాలుగు రోజుల్లో దానికి దగ్గరగా తెస్తుంది. సంక్రాంతి పోయాక ఆయన వచ్చి చెప్పాడు. సారు జూన్‌లో రిటైరు అవుతాడు గదా, అంతవరకు ఉండండి, తర్వాత పని మొదలుపెడతాను అని. రిటైరయ్యాక కూడా ఆ ఇంట్లోనే ఉండాలని అమ్మ మనసులో అనుకున్నట్టు మాకు ఆ రోజే తెలిసింది. "చెట్లేం చేస్తారు?" అని మాత్రం అడిగింది. ఆయన నొచ్చుకుంటూనే, "చెట్టు బాడుగ కడ్తాదామ్మా?" అన్నాడు.

నేను చదువుకున్నవాణ్ణి కదా, చట్టం దింపాను. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, 108వ సెక్షను. బాడుగకున్నవాళ్ల హక్కులూ బాధ్యతలూ అందులో ఉన్నాయి. కౌలుదారు భూమికి అంటించినది ఏదైనా సరే, ఆస్తి తన స్వాధీనంలో ఉన్నంతవరకు తీసుకుపోవచ్చు, తాను తీసుకున్నప్పుడు ఎట్లా ఉందో అట్లా అప్పగించాలి. "భూమికి అంటించినది" అంటే ఏమిటో అదే చట్టం 3వ సెక్షనులో ఉంది. వేళ్లూనుకున్న చెట్లూ పొదలూ అందులోకే వస్తాయి. తాళం చెవి ఇచ్చేసిన మరుక్షణం ఆ హక్కు పోతుంది. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. ఇంకో పక్క, ఓనరు ఒప్పుకోకుండా శాశ్వత కట్టడం కట్టకూడదు. కలప కొట్టి అమ్ముకోకూడదు. ఇంగ్లండు కోర్టులు దీన్ని తిరగేసి చెప్పాయి. అక్కడ 1833లో ఒకాయన బాడుగింట్లో తను నాటుకున్న పొదల వరసను తీసుకుపోతే అది కుదరదన్నారు. నర్సరీ వ్యాపారి అయితే తీసుకుపోవచ్చు, మామూలు మనిషి కాదు. మన చట్టం అంతకంటే మేలు, ఎవరు నాటారో వాళ్లకే ఇచ్చింది.

మాకున్న ఒప్పందం వంద రూపాయల స్టాంపు కాగితం. అందరిలాగే 11 నెలలది. 2014లో దాని గడువు తీరిపోయింది, మళ్లీ రాసుకోలేదు. అందులో చెట్ల ఊసు లేదు. అంటే గెలుపు మాదే. ప్రింటు తీసి, పసుపు పెన్నుతో గీతలు గీసి, ఓనరింటి వరండాలో నిలబడి ఆయనకు చదివి వినిపించాను. ఇంగ్లీషులో చదివి, తెలుగులో అర్థం చెప్పి. ఆయన మధ్యలో ఏమో చెప్పబోయాడు, నేను చెయ్యి అడ్డం పెట్టి పేరా పూర్తి చేశాను. ఆయన భార్య మజ్జిగ తెచ్చి అట్లే పట్టుకుని నిలబడింది.

ఇంటికొచ్చాక నాన్న నాతో రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒకే మాట అన్నాడు. "కోర్టుకు పోయేవాడు చేసే పని, ఇల్లు ఖాళీ చేసేవాడు చేసినావు."

అమ్మ తెలివిగా తన పని తాను చేసుకుంది. కనకాంబరం విత్తనాలు పొట్లం కట్టింది. మల్లె, మందారం కొమ్మలు కత్తిరించి తడి గుడ్డలో చుట్టింది. కరివేపాకు వేళ్ల నుంచి లేచిన పిలకలు మూడు, తల్లివేరు కత్తితో కోసి మట్టితో సహా తీసి కవర్లలో పెట్టింది. పెద్ద చెట్టునూ పారిజాతాన్నీ ముట్టుకోలేదు. "అవి ఈడివి. ఉండనీ" అంది.

నేనే ఉండనివ్వలేదు. చట్టం ప్రకారం ఆ పారిజాతం మాది. ఏడేళ్ల చెట్టు, పదకొండు అడుగులుంటుంది. ఖాళీ చేసే ముందురోజు, జూన్ ఎండలో, గడ్డపార తీసుకుని చుట్టూ తవ్వాను. ఇప్పుడు తెలిసినది అప్పుడు తెలియదు: అట్లాంటి చెట్టును తీయాలంటే నెలల ముందే ఒక పక్క సగం వేళ్లు కోసి మట్టి కప్పి, కొత్త పీచు వేళ్లు వచ్చాక రెండో పక్క కోసి, ఆ తర్వాత వానల్లో గడ్డతో సహా లేపాలి. నేను ఒకే పూటలో లాగాను. తల్లివేరు 2009 మట్టి దాటి ఇంకా కిందికి పోయింది. అది తెగినప్పుడు వచ్చిన చప్పుడు అమ్మ వంటింట్లోకి వినపడింది. ఆమె బయటికి రాలేదు. గోనెసంచి చుట్టి ట్రాలీలో సామాన్లతో పాటు వేసి కర్నూలు తీసుకుపోయాం. సగానికి కోసిన డ్రమ్ములో పెట్టాం. ఆకు వాలింది, తర్వాత రాలింది, మూడు వారాలకు కొమ్మ విరిస్తే లోపల పచ్చదనం లేదు.

అడ్వాన్సు పదివేలలో ఓనరు మూడు వేలు పట్టుకున్నాడు. బండలు మూడింటిలో రెండు పగిలిపోయాయి, గుంత పూడ్చి చదును చేయాలి. మాట ప్రకారం అది న్యాయమే. ఆ రోజు మాత్రం నేను ట్రాలీ ఎక్కుతూ ఆయన వైపు చూడలేదు. నాలుగేళ్లు పోకపోవడానికి కారణం ఇదీ.

దర్శనం క్యూలో గంటసేపు నిలబడ్డాను. గురువారం కాదు కాబట్టి గంటే. 1671లో రాఘవేంద్రస్వామి సజీవంగా ప్రవేశించిన చోటును బృందావనం అంటారు. బృంద అంటే తులసి. చిన్నప్పటి నుంచి ఆ మాట వింటున్నా, అది మొక్క పేరు మీద వచ్చిన మాట అని ఈసారి క్యూలోనే తట్టింది. ఊరి పాత పేరు మంచాల. ఆదోని నవాబు స్వామికి సారవంతమైన ఊళ్లు ఇస్తానంటే, ఆయన ఏరి కోరి ఈ ఎండు ఊరినే అడిగారని చెప్తారు. తర్వాత, నిజాం దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక 1800లో కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కథ ఉండనే ఉంది. మఠం చేతిలో ఉన్న ఈ గ్రామాన్ని కంపెనీ వెనక్కి తీసుకోవాలా వద్దా అని తేల్చడానికి వచ్చిన మన్రోతో బృందావనం లోపలి నుంచి స్వామి స్వయంగా మాట్లాడారని, ఆ తర్వాతే ఇనాము నిలిచిందని. మన్రో మద్రాసు గవర్నరై, 1827లో మా జిల్లాలోనే, పత్తికొండలో కలరాతో పోయాడు. నాకు ఆ కథలో నచ్చేదేమిటంటే, కాగితాలు తీసుకుని వచ్చినవాడు అవతలివాళ్ల మాట వినడానికి చెప్పులు విప్పి లోపలికి పోయాడట. నేను వరండాలో చెయ్యి అడ్డం పెట్టాను.

పరిమళ ప్రసాదం రెండు పొట్లాలు కొన్నాను. ఒకటి అమ్మకు. రెండోది ఎవరికో అప్పటికింకా నాకే తేలలేదు.

వీధి గుర్తుపట్టడం కష్టమైంది. నేను చూసిన పిట్టగోడలన్నీ రూములయ్యాయి. మా ఇంటి గేటుకు కొత్తగా "రూములు దొరుకును" అని తెలుగులో, కన్నడంలో బోర్డు. ఓనరు వరండాలోనే కూర్చుని ఉన్నాడు, ముందుకంటే సన్నగా. కళ్లద్దాలు సర్దుకుని చూసి, "సారు కొడుకువి గదా. ఎప్పుడొస్తివి నాయనా?" అన్నాడు.

"పొద్దున వచ్చినా పెద్దనాన్నా" అన్నాను. పొట్లం ఇచ్చాను. కళ్లకు అద్దుకుని తీసుకున్నాడు.

నాన్న బీపీ గురించి అడిగాడు. పోయినేడు ఆగస్టులో తుంగభద్ర డ్యాము 19వ గేటు కొట్టుకుపోయిందని విన్న రాత్రి తాను నిద్రపోలేదని, రూముల్లో పరుపులు మిద్దె మీదికి ఎక్కించాడని చెప్పాడు. నీళ్లు ఇంటి దాకా రాలేదు. "ఒకసారి చూసినోడికి చప్పుడైనా చాలప్పా" అన్నాడు. రూములు ఎట్లా పోతున్నాయని అడిగితే పెదవి విరిచాడు. గురువారాలు, శని ఆదివారాలు, ఆరాధన. మిగతా రోజులు ఫ్యాన్లకు బూజు.

పెరట్లోకి తీసుకుపోయాడు. పడమర, దక్షిణం పక్కల రెండు రూములు, గచ్చు, మెట్లు. కరివేపాకు ఉన్న చోట బాత్రూము. అమ్మకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు కనపడ్డాయి. బాత్రూము గోడకూ బండలకూ మధ్య సందులోంచి నాలుగు పిలకలు, రెండడుగుల ఎత్తు. చెట్టు కొట్టేశారు గానీ వేరు కింద ఉండిపోయింది. "మూడు సార్లు కొట్టిస్తి. మళ్లా వస్తాది. ఇప్పుడు మీ పెద్దమ్మ కొట్టనీదు, పోపులోకి అవే" అన్నాడు. ఆకు తుంచి నలిపాను. పసుపు లేదు, నిగనిగలాడుతోంది.

తర్వాత తిరిగి చూస్తే ఈశాన్యం మూల. ఆ మూల మాత్రం ఏమీ కట్టలేదు. ఆరడుగుల ఇంటూ ఆరడుగులు, ఖాళీ మట్టి. గరిక, ఒక పగిలిన కుండీ, నేను తవ్విన గుంత పూడి కొంచెం పల్లంగా. నేను దానివైపే చూస్తూ ఉండిపోయాను.

"ఈశాన్యం గదా, బరువు పెట్టగూడదు. మొదట్నుంచీ వదిలేద్దామనే ఉంటి" అన్నాడు.

"అంటే, పారిజాతం..."

"దాన్ని నేనేం చేస్తాను నాయనా? దానికి నేను అడ్డమేం చెప్తి? ఉంచింటే పూలన్నా ఉండేవి. అది చెప్దామనే గదా ఆపొద్దు నోరు తెరిస్తి. నువ్వు కాగితాలు పట్టుకుని చదువుతాంటివి."

కోపంగా అనలేదు. జరిగింది చెప్పినట్టు చెప్పాడు. పెద్దమ్మ ఈసారి కూడా మజ్జిగే తెచ్చింది. తాగాను.

వీధి చివరికి పోయి అమ్మకు ఫోన్ చేశాను. చెట్టు లేదు, పిలకలున్నాయి, పోపుల్లోకి వాడుతున్నారు అని చెప్పాను. "ఊఁ" అంది. మూల సంగతి చెప్పాలా వద్దా అని చూసి, చెప్పేశాను. ఆయన ఆ రోజు చెప్పబోయింది ఏమిటో కూడా. అవతల చాలాసేపు మాట లేదు. కుక్కరు విజిలు ఒకటి వినపడింది.

"ఆ మూలకు ఎండ ఎంతసేపు ఉంటాది ఇప్పుడు?" అని అడిగింది. "రూములు కట్టినారు గదా, నీడ పడ్తాదేమో. కనుక్కో. ఇంకోటి, నీళ్లు ఎవరు పోస్తారో కూడా అడుగు. ఉప్పు నీళ్లైతే వద్దు."

కర్నూల్లో పక్కవీధి పారిజాతం కింద రాలిన విత్తనాలతో ఆమె రెండు మొక్కలు లేపిందని, అవి మిద్దె మీద కుండీల్లో జానెడున్నాయని అప్పుడు చెప్పింది. నాలుగేళ్లలో ఒకసారి కూడా నా దగ్గర ఆ మాట ఎత్తలేదు.

వెనక్కి పోయాను. పెద్దమ్మ గేటు దగ్గర, "ఏందప్పా, ఏమన్నా మరిచిపోతివా?" అంది. అడిగాను. ఆమె ఆ మూల వైపు చూసి లెక్క వేసింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఎండ, తర్వాత పడమటి రూము నీడ. నీళ్ల సంగతికి ఆమె పడమటి రూము కిటికీ కింద పెట్టిన బక్కెట్టు చూపించింది. ఏసీ పైపులోంచి చుక్క చుక్కా పడుతోంది. సగం నిండింది.

"ఇవి ఉప్పుండవంట గదా. ఇవే పోస్తాలే. మనుషులు దిగని వారాల్లో మాత్రం బియ్యం కడిగిన నీళ్లు. వానలు పడినాక తెమ్మను మీ అమ్మను."